ఎక్స్‌రే బల్ల దగ్గర తెలిస్తే ఏం లాభం?

సంపాదకులు గారికి,

నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లు విమానం ఎక్కాలంటే చెన్నైకో, రేణిగుంటకో, గన్నవరానికో పోవాలి. కువైట్‌లోనో అమెరికాలోనో ఉన్న బిడ్డల కోసం పెద్దవాళ్లు అంత దూరం మోసుకెళ్లిన నెయ్యి సీసా తనిఖీ దగ్గర చెత్తబుట్ట పాలవుతోంది. తనిఖీ వద్దని ఎవరూ అనరు. నిబంధన ఏమిటో సామాను సర్దుకునేటప్పుడు తెలియాలి, అంతే.

ముందు కౌంటర్‌లో పెద్ద సూట్‌కేసు ఇచ్చేస్తాం. అది బెల్టు మీద వెళ్లిపోయాక, ఇమిగ్రేషన్ కూడా అయ్యాక చేతిసంచికి ఎక్స్‌రే. ‘ఇది లగేజీలో వేయాల్సింది’ అని అప్పుడు చెబుతారు. వేయడానికి సూట్‌కేసు చేతిలో ఉండదు. వెనక్కి పోదామంటే చాలా విమానాలకు గంట ముందే కౌంటర్ మూసేస్తారు.

విదేశీ ప్రయాణంలో చేతిసంచిలో ద్రవాలకు 100 మి.లీ. హద్దు. ఈ లెక్క లోపలున్న సరుకుకు కాదు, సీసాకు. 200 మి.లీ. సీసాలో అడుగున నాలుగు చెంచాలే ఉన్నా తీసేస్తారు. అన్నీ కలిపి లీటరు పట్టే పారదర్శక సంచిలో ఇమడాలి. నెయ్యి, తేనె, నూనె తేలే ఊరగాయ, చేపల పులుసు అన్నీ ద్రవాల కిందే లెక్క. డాక్టరు చీటీ ఉన్న మందులకు, పసిబిడ్డల పాలకు మాత్రం మినహాయింపు ఉంది. కూల్‌డ్రింక్ సీసాల్లో పేలుడు ద్రవాలు విమానమెక్కించే కుట్ర 2006 ఆగస్టులో లండన్‌లో బయటపడ్డాక వచ్చిన నియమమిది. పాత ఎక్స్‌రే ఒక వైపు బొమ్మే చూపిస్తుంది, సీసాలో ఉన్నది నీళ్లో కాదో దానితో తేల్చడం కష్టం. ల్యాప్‌టాప్ బయటికి తీయమనేదీ అందుకే, దాని బ్యాటరీ కింద ఉన్నవి కనబడవు. అన్ని వైపులా చూపే సీటీ స్కానర్లు పెట్టిన బ్రిటన్ విమానాశ్రయాలు కొన్ని 2025లోనే 2 లీటర్ల దాకా ఒప్పుకున్నాయి. మనకూ ఆ యంత్రాలు త్వరగా రావాలి.

అమెరికా విమానాల్లో 2018 నుంచి పొడుల మీదా కన్నుంది. చేతిసంచిలో 350 మి.లీ., అంటే ఇంచుమించు ఒక కూల్‌డ్రింక్ టిన్ను పట్టేంత పొడి మించితే మళ్లీ సోదా. ఒక్క కందిపొడి డబ్బా చాలు. పొడులన్నీ సూట్‌కేసులో వేసుకోవడమే మేలు.

పవర్‌బ్యాంక్‌ది దీనికి తలకిందులు. అది చేతిసంచిలోనే ఉండాలి. లిథియం బ్యాటరీ అంటుకుంటే సీట్ల మధ్య సిబ్బంది ఆర్పగలరు, కింద సామాన్ల గదిలో ఆర్పేవాళ్లు ఉండరు. 100 వాట్ అవర్ల (బ్యాటరీలో పట్టే విద్యుత్తు కొలత) లోపువి అనుమతిస్తారు. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్లే. పవర్‌బ్యాంక్ మీద ఉన్న అచ్చు చెరిగితే ఈ లెక్క చూపించలేం. సూట్‌కేసులో కనబడితే మనిషిని పిలిచి తెరిపిస్తారు, ఆ పిలుపు వినబడకపోతే సూట్‌కేసు ఆగిపోతుంది. ఎండుకొబ్బరి సూట్‌కేసులోనూ పనికిరాదు. నూనె వల్ల తనంతట తానే వేడెక్కే సరుకని దాన్ని ప్రమాదకర వస్తువుల్లో చేర్చారు. ప్రసాదం సంచిలో ఎండిన చిప్ప ఉందేమో చూసుకోవాలి.

శబరిమల భక్తులు ఆ ఏటి యాత్రా కాలంలో ఇరుముడి కొబ్బరికాయను చేతిసంచిలో తీసుకెళ్లవచ్చని 2024 అక్టోబరులో కేంద్ర పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు ప్రకటించారు. పత్రికల్లో వచ్చింది, ఊరూరా తెలిసింది. మిగతా నిబంధనలూ అలాగే తెలుగులో చెప్పించాలని ఆయన్ను కోరుతున్నాం. టికెట్‌తో పాటు తెలుగులో ఒక పేజీ పంపాలి. సూట్‌కేసు బెల్టెక్కే ముందు కౌంటర్ దగ్గర తెలుగు బోర్డు, సంచి విప్పి సర్దుకోవడానికి ఒక బల్ల ఉంచాలి.

ఇట్లు,
ట్రావెల్స్ నిర్వాహకులు,
కావలి, నెల్లూరు జిల్లా