మన సంఘం వార్షిక నివేదిక, 2025: వేట, నిషేధం, కొత్త నియమాలు

సభ్యులందరికీ నమస్కారం.

చెన్నైలో కాసిమేడు చేపల హార్బర్ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగు మత్స్యకార కుటుంబాల కోసం సంఘం ఈ ఏడాది చేసిన పనుల వివరాలివి. గంగమ్మ పూజ, పిల్లలకు నోటు పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. మిగతా కాలమంతా వేట నియమాల చుట్టూ తిరగడమే సరిపోయింది.

జనవరిలో చెన్నై తీరానికి వెయ్యికి పైగా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు చచ్చి కొట్టుకొచ్చాయి. అందరూ ట్రాల్ బోట్లనే, అంటే పెద్ద సంచి వల లాక్కుంటూ పోయే మరబోట్లనే, వేలెత్తి చూపారు. తమిళనాడులో ఒడ్డు నుంచి 5 నాటికల్ మైళ్ళ లోపల మరబోట్లు వల లాగకూడదన్న నియమం ముందునుంచీ ఉంది. దాన్ని అందరూ పాటిస్తే మన నోటికి బలం వచ్చేది. ఈ మాట కొందరు ఓనర్లకు రుచించదు, అయినా రాస్తున్నాను.

ఆ తర్వాత సంఘం గదిలో, వలలో పడ్డ తాబేలు తప్పించుకునేలా చేసే టెడ్ పరికరాన్ని చూపించాం. ట్రాల్ వల సంచికి ముందు ఏటవాలుగా కుట్టే కడ్డీల చట్రం అది. రొయ్య కడ్డీల సందుల్లోంచి సంచిలోకి జారిపోతుంది. తాబేలు కడ్డీలకు తగిలి, అక్కడ వలకు కోసి ఉంచిన మూతను తోసుకుని బయటపడుతుంది. “తాబేలుతోపాటు పెద్ద చేప కూడా పోద్ది కదన్నా?” అని ఒక సరంగు (బోటు నడిపేవాడు) అడిగాడు. కొంత పోతుంది, నిజమే. కానీ టెడ్ వాడట్లేదన్న కారణంతోనే 2019 నుంచి మన సముద్రపు రొయ్యను అమెరికా రానివ్వడం లేదు. భీమవరం చెరువు రొయ్యకు ఈ అడ్డు లేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా మరబోట్ల వేట ఆగింది. చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి నిషేధం వద్దనేవాళ్ళు మనలో లేరు. పేచీ అంతా ఆ రోజులకు ప్రభుత్వమిచ్చే భృతి దగ్గరే. తమిళనాడులో కుటుంబానికి 8,000 రూపాయలు, ఆంధ్రలో ఈ ఏడు పెంచి 20,000. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి బోట్లలో కళాసీలుగా చేస్తున్న మనవాళ్ళు చాలామందికి రెండూ రాలేదు. ఇక్కడ రేషన్ కార్డు లేదన్నారు, అక్కడ ఊళ్ళో బోటు మీద లేరన్నారు. సంఘం అర్జీలు రాసిపెట్టింది, ఓనర్ల చేత పని చేస్తున్నట్టు కాగితాలు ఇప్పించింది. కొందరి పని అయింది. చాలావి ఇంకా బల్లల మీదే ఉన్నాయి.

సెప్టెంబర్ 15న మత్స్య సబ్సిడీలపై ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం అమల్లోకి వచ్చింది. 2022లో జెనీవాలో కుదిరిన ఈ ఒప్పందాన్ని మన దేశం ఇంకా ఆమోదించలేదు. పెద్ద ఓడలతో దూర సముద్రాలు ఊడ్చే దేశాలు 25 ఏళ్ళపాటు ఆ ఓడలకిచ్చే సబ్సిడీలు ఆపాలని, పూట గడవని వేటగాడికిచ్చే సాయాన్ని వాటితో కలిపి చూడొద్దని మన ప్రభుత్వ వాదన. న్యాయమైన వాదనే. అయితే ఏ కళాసీ పేరు చెప్పి అక్కడ వాదిస్తున్నారో, ఆ కళాసీ పేరు ఇక్కడ భృతి జాబితాలో ఉండాలి కదా! ఇదే మాట రాసి అధికారులకు పంపాం.

నవంబర్‌లో కేంద్రం సముద్రంలోని మన ప్రత్యేక ఆర్థిక మండలికి (ఈఈజెడ్) వేట గురించి కొత్త నియమాలు తెచ్చింది. పన్నెండు నాటికల్ మైళ్ళు దాటి 200 నాటికల్ మైళ్ళ వరకు వేటకెళ్ళే మరబోట్లకు ఆన్‌లైన్‌లో యాక్సెస్ పాస్ తప్పనిసరి. చిన్న సంప్రదాయ పడవలకు అక్కర్లేదు. ఎల్ఈడీ లైట్ల వేట, జంట బోట్ల ట్రాలింగ్ నిషిద్ధం. విదేశీ ఓడలకు చోటు లేదు. సూర చేప (ట్యూనా) కోసం లోతుకు వెళ్ళే బోట్లవాళ్ళు బోటు ఎక్కడుందో తెలిపే ట్రాన్స్‌పాండర్, గుర్తింపు కార్డుల సంగతి వెంటనే చూసుకోవాలి. ఫారాలు నింపడానికి ఆదివారాల్లో మన కుర్రాళ్ళు సంఘం గదిలో ఉంటున్నారు, పైసా తీసుకోరు.

ఇంకో సంగతి. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్, మాల్దీవులు కలిసి నడిపే బంగాళాఖాత మత్స్య సంస్థ ఆఫీసు చెన్నైలోనే ఉంది. సముద్ర భద్రత గురించి మన సరంగులతో మాట్లాడటానికి అక్కడినుంచి ఎవరినైనా పిలవాలని కార్యవర్గం అనుకుంటోంది.

జమాఖర్చుల పుస్తకం గదిలో ఉంది, ఎవరైనా చూడొచ్చు. చందా బాకీ ఉన్నవాళ్ళు వేట నిషేధం మొదలయ్యేలోపు కట్టండి. భృతి అర్జీ పెట్టేవాళ్ళు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్ళు, ఓనర్ సంతకంతో ఉన్న కాగితం మార్చి నెలాఖరులోగా తెచ్చివ్వాలి.

ఇట్లు,
కార్యదర్శి