పవిత్ర సంగమానికి దారి చూపించారు, లోతు ఎవరు చూపిస్తారు మంత్రిగారూ?

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కరించి రాయునది.

విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద, గోదావరి నీరు కృష్ణలో కలిసే పవిత్ర సంగమంలో స్నానానికి దిగేవారి భద్రత గురించి ఇదివరకు ఇచ్చిన అర్జీలకు "సంబంధిత శాఖకు పంపడమైనది" అన్న ఒక్క వాక్యం తప్ప మరే జవాబూ రాలేదు. ఆ సంబంధిత శాఖ ఏదో తమరికైనా తెలిసి ఉంటుందన్న ఆశతో ఈ లేఖను బహిరంగంగా రాస్తున్నాను.

2016 కృష్ణా పుష్కరాలకు తీర్చిదిద్దిన ఆ ఘాట్ గురించి, పట్టిసీమ ఎత్తిపోతల పథకం నుంచి వచ్చి కలిసే గోదావరి నీటి గురించి తమరికి నేను చెప్పనక్కరలేదు. విజయవాడ నుంచి కారులో బయలుదేరిన కుటుంబం హైదరాబాదు రహదారి మీద గొల్లపూడి, గుంటుపల్లి దాటి ఇబ్రహీంపట్నం రింగు సెంటరుకు చేరడం పెద్ద పనేమీ కాదు. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద లారీల మధ్య ఇరుక్కోవడం వేరే లేఖకు సరిపడేంత కథ గనుక వదిలేస్తున్నాను. కష్టమంతా కారు దిగాకే. పాచి పట్టిన మెట్ల మీద నిలబడి ఒక తండ్రి, పూలమ్ముకునే ఆమెను "ఎంత లోతుంటుందమ్మా?" అని అడిగాడు. ఆమె నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించి, "ఇక్కడైతే ఇంతే బాబూ, అవతల మాత్రం నాకు తెలియదు" అంది. మొన్న నేను వెళ్లేనాటికి అక్కడ లోతు చెప్పే ఏర్పాటు ఆమె చెయ్యి ఒక్కటే.

ప్రకాశం బ్యారేజీ వెనక నిలిచిన నీరు కావడంతో పైకి చెరువులా నిమ్మళంగా కనిపిస్తుంది. ఆ నిమ్మళమే మోసం. ఎగువన వరద వచ్చినా, దిగువన గేట్లు ఎత్తినా నీటి నడక మారిపోతుంది; మోకాటిలోతులో ఆడుకునే పిల్లవాడు రెండడుగులు పక్కకు వేస్తే తల మునిగే గొయ్యి ఉండవచ్చు. 2018 జూన్‌లో నలుగురు ఇంజనీరింగ్ విద్యార్థులు ఇక్కడే మునిగి చనిపోయారు. అంతకుముందు నవంబరులో ఈ సంగమం దగ్గరే పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పడవల అనుమతుల గురించి అప్పుడు చాలా మాటలు వినిపించాయి. ఈతకు దిగి పోయినవారి విషయానికి వచ్చేసరికి మాత్రం "వద్దంటే వినరు" అన్న మాటతో సరిపెడుతున్నారు. కార్తీక స్నానానికి వచ్చిన ఆడవాళ్లను నీళ్లలో దిగవద్దని చెప్పగల అధికారి ఎవరో ఒకసారి చూడాలని ఉంది.

నేను అడుగుతున్నది ఈత కొలను కాదు. స్నానానికి పనికొచ్చే మేరను ఇంజనీర్ల చేత కొలిపించి, దాని చుట్టూ తేలే డ్రమ్ములకు కట్టిన ఒక తాడు వేయించండి. ఆదివారాలు, పర్వదినాల్లో ఒక పడవను, ఇద్దరు గజ ఈతగాళ్లను ఉంచండి. పుష్కరాల పన్నెండు రోజులూ ఇవన్నీ చేసి చూపించిన ప్రభుత్వానికి ఇది చేతకాని పని అని నేను నమ్మను. 2028లో పుష్కరాలు మళ్లీ వస్తాయి, వాటితో పాటు పడవలూ ఈతగాళ్లూ వస్తారు, సంతోషం. ఈలోగా మునిగేవారు అప్పటిదాకా ఆగాలని తమరి ఉద్దేశం కాదనే అనుకుంటున్నాను.

దయచేసి ఈ కార్తీకం లోపే ఆ తాడు కట్టించండి. అర్జీల రశీదులు నా వద్ద భద్రంగా ఉన్నాయి. సంబంధిత శాఖకు నంబర్లు కావాలంటే పంపగలను.

ఇట్లు,
విజయవాడ పౌరుడు