మూత్ర నమూనాల సేకరణలో చెయ్యందించిన అందరికీ దండాలు

దీర్ఘకాలిక మూత్రాశయ నొప్పిపై శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఆ జబ్బు గుర్తులు మూత్రంలో ఏమైనా దొరుకుతాయేమో చూడటానికి తలపెట్టిన మూత్ర నమూనాల సేకరణ మొదటి విడత పూర్తయింది. నొప్పికి రాత్రి ఐదారుసార్లు లేచే అమ్మలనే తెల్లవారి మొదటి మూత్రం పట్టివ్వమని అడిగాం. విసుక్కోకుండా ఇచ్చారు, అంతకుముందు ఎప్పుడు వెళ్లారో టైము కూడా చెప్పారు. మీ రుణం తీర్చుకోలేం.

రేవు దగ్గర ఐస్ ఫ్యాక్టరీ వాళ్లకు ప్రత్యేకంగా దండాలు చెప్పుకోవాలి. వేడికి మూత్రంలో సూక్ష్మజీవులు పెరిగి అందులోని పదార్థాలనే మార్చేస్తాయి. పెద్ద ఐసు గడ్డ మీద పెడితే డబ్బా అడుగే చల్లబడుతుంది. చేపలకు వేసినట్టు పొడి కొట్టి, కాస్త నీళ్లు కలిపి, మెడ దాకా ముంచాలి. ఆ నీటికి డబ్బాల మీది పెన్ను రాతలు కరిగిపోయాయి. పెన్సిల్‌తో రాసి పైన టేపు అంటించమన్నది ల్యాబ్ తమ్ముళ్లే. పది నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పి మడ్డిని అడుక్కి దించే యంత్రం) తిప్పి, అడుగు మడ్డి కదలకుండా పైతేట తీసి, 1 మిల్లీలీటరు చొప్పున పంచి, మైనస్ 80 డిగ్రీల్లో పెట్టిందీ వాళ్లే. చిన్న వాటాలెందుకంటే, ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించకూడదు.

ఆశా అక్కలు రాయించిన తిండి డైరీ లేకపోతే ఈ పనికి అర్థమే లేదు. చేపలు తింటే మూత్రంలో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థం పెరుగుతుంది, టీ తాగితే హిప్పురేట్ అనేది. పారాసిటమాల్ గుర్తులు ఎన్‌ఎంఆర్ (మూత్రంలో ఏ పదార్థాలున్నాయో చూపే యంత్ర పరీక్ష) గ్రాఫులో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నొప్పి ఉన్నవాళ్లే మాత్రలు ఎక్కువ మింగుతారు కదా, రాసి లేకపోతే మాత్ర గుర్తునే జబ్బు గుర్తు అనుకుంటాం. మూత్రానికి భయపడి నీళ్లు తగ్గించేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మూత్రం చిక్కగా ఉంటుంది. అందుకే ప్రతి లెక్కా క్రియాటినిన్‌తో (కండరాల నుంచి వచ్చి మూత్రంలో పోయే వ్యర్థం, మూత్రం ఎంత చిక్కగా ఉందో చెబుతుంది) సరిచూస్తాం.

నెలసరి తేదీ చెప్పినవారికి మరీ మరీ కృతజ్ఞతలు. 2016లో అమెరికా పరిశోధకులు ఈ నొప్పి ఉన్న ఆడవాళ్ల మూత్రంలో ఎక్కువగా ఉందని గుర్తించిన ఎటియోకోలనోలోన్ సల్ఫేట్ అనే పదార్థం హార్మోన్ల నుంచి పుట్టేదే. వయసు, నెలసరి, హార్మోన్ మాత్రలు తెలియకుండా ఆ అంకె చూసి ఏమీ చెప్పలేం.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి: దీన్నిబట్టి ఇప్పుడే ఎవరికీ రోగనిర్ధారణ చెయ్యలేం. ఆరు వారాలు దాటిన నొప్పికి కల్చర్ (మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్ష) చేయించి ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకోవాలి, డాక్టరు చెబితే సిస్టోస్కోపీ (సన్న గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్ష) చేయించుకోవాలి. మా ఫలితాల కోసం వైద్యం ఆపకండి.

డైరీ ఇంకా ఇవ్వనివారు కంగారు పడొద్దు. డైరీ రాయాల్సిన ఆ రెండు రోజుల్లో వేసుకున్న మాత్రల ఖాళీ షీట్లు ఆశా అక్క చేతికిచ్చినా చాలు.