నాన్నగారికి, ఇరాక్ నివేదిక వచ్చిన వారం

షెఫీల్డ్,
10 జూలై 2016, ఆదివారం

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు నమస్కారములు.

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందని తమ్ముడు రాశాడు, సంతోషం. మొన్న ఫోనులో మీరడిగిన ప్రశ్నకు నేను సరైన జవాబు చెప్పకుండానే డ్యూటీకి వేళయిందని పెట్టేశాను. "పదమూడేళ్ల కిందటి యుద్ధం మీద ఇప్పుడు ఈ నివేదిక ఏమిటమ్మా, దీనివల్ల ఎవరికి ఏం ఒరుగుతుంది?" అన్నారు. ఆ మాట నాలుగు రోజులుగా మనసులో తిరుగుతూనే ఉంది. ఫోనులో అయితే మాట బీపీ మాత్రల మీదికో వానల మీదికో పోతుంది గనుక ఉత్తరమే రాస్తున్నాను.

బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి పోవాలని తేల్చిన రిఫరెండం తరవాత మీరు నా గురించి పెట్టుకున్న బెంగ అనవసరం. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, అంటే మీకు దాచను. ఆసుపత్రి పని ఎప్పటిలాగే ఉంది.

ఇరాక్ యుద్ధంలోకి బ్రిటన్ ఎలా దిగిందో విచారించిన సంఘం అధ్యక్షుడు జాన్ చిల్కాట్ పేరున బుధవారం విడుదలైన చిల్కాట్ నివేదిక 12 సంపుటాలు, 26 లక్షల మాటలు. అచ్చు ప్రతి మొత్తం కొనాలంటే 767 పౌండ్లు. ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు గనుక సారాంశం సంపుటం మాత్రం మూడు రాత్రులు కూర్చుని చదివాను. 2009లో అప్పటి ప్రధాని గోర్డన్ బ్రౌన్ వేసిన ఈ విచారణ పూర్తి కావడానికి ఏడేళ్లు పట్టింది. అందులో సభ్యుడైన చరిత్రకారుడు మార్టిన్ గిల్బర్ట్ ఇది చూడకుండానే నిరుడు కన్నుమూశారు. మా వార్డులో ఒక రోగి అనుకోకుండా చనిపోతే కొద్ది వారాల్లోనే డాక్టర్లం, నర్సులం కలిసి కూర్చుని ఎక్కడ ఏం జరిగిందో కేసుషీటు ముందు పెట్టుకుని మాట్లాడుకుంటాం. ఒక దేశం మరో దేశం మీద దండెత్తిన సంగతి తేల్చడానికి ఇంతకాలం పట్టడమే నాకు మొదటి అనుమానం.

నివేదికలో నన్ను పట్టి నిలిపింది ఒక తేదీ. 2002 జూలై 28న అప్పటి ప్రధాని టోనీ బ్లేర్ అమెరికా అధ్యక్షుడు బుష్‌కు రాసిన లేఖ "ఏమైనా సరే, నేను మీతోనే ఉంటాను" అన్న మాటతో మొదలవుతుంది. నిరాయుధం కావడానికి ఇరాక్‌కు చివరి అవకాశమిస్తూ ఐక్యరాజ్యసమితి 1441వ తీర్మానం చేసింది ఆ నవంబరులో. ఆయుధాల తనిఖీ బృందాలు ఇరాక్‌లో అడుగుపెట్టింది ఆ నెలాఖరున. ఇక్కడి పార్లమెంటు 149 మంది వద్దన్నా 412 ఓట్లతో యుద్ధానికి సమ్మతించింది 2003 మార్చి 18న. ఈ తేదీలను వరసగా పెట్టుకుని చూసినప్పుడు, పిల్లనిస్తామని మాటిచ్చేసి ఆ తరవాత జాతకాలు చూపించినట్టుగా నాకు కనిపించింది. సద్దాం దగ్గర 45 నిమిషాల్లో ప్రయోగించగల ఆయుధాలున్నాయని బ్లేర్ ప్రభుత్వం 2002 సెప్టెంబరులో వెలువరించిన పత్రం సంగతి మీకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు మన పేపర్లలోనూ వచ్చింది. అంత నిశ్చయంగా చెప్పడానికి తగిన ఆధారం లేదని చిల్కాట్ ఇప్పుడు తేల్చారు. గాజు గోళాల్లో విషరసాయనాలు నింపుతున్నారని గూఢచారి ఒకడు పంపిన కబురు అచ్చం ఒక హాలీవుడ్ సినిమాలో చూపించినట్టే ఉందని ఆ గూఢచారి శాఖవారికే తరవాత అనుమానం వచ్చిందట. 2003 మార్చి 7న అటార్నీ జనరల్ ఇచ్చిన, సందేహాలతో నిండిన సుదీర్ఘమైన న్యాయసలహాను మంత్రివర్గానికి చూపించనే లేదు.

"జరిగిపోయాక చెప్పడం సులువే కదా" అని మీరు అనవచ్చు. బ్లేర్ వర్గం వాదన కూడా అదే. చిల్కాట్ ఆ వాదనను ఒప్పుకోలేదు. ఇరాక్‌లో లోపలి కలహాలు రేగుతాయనీ, ఇరాన్ తన పని తాను చక్కబెట్టుకుంటుందనీ, అల్ ఖైదా చొరబడుతుందనీ దాడికి ముందే స్పష్టంగా చెప్పినవారున్నారనీ, ఆ ముప్పులన్నీ అప్పటి కాగితాల్లోనే ఉన్నాయనీ రాశారు. తెలియక చేసిన పొరపాటయితే నేను క్షమించగలను నాన్నగారూ, వైద్యంలో అలాంటివి నావల్ల కూడా జరిగాయి. ముందే చెప్పినవాళ్ల మాట బీరువాలో పెట్టి తాళం వేసుకోవడం వేరు.

దాని ఫలితం ఎలా ఉంటుందో మా పక్కింట్లో చూస్తున్నాను. మాకు ఏటా టమాటా మొలకలు ఇచ్చే పెద్దావిడ కొడుకు సైన్యంలో బస్రా వెళ్లి వచ్చాడు. ఎడారిలో తొడుక్కోవడానికి పనికొచ్చే బూట్లు సర్కారు వేళకు ఇవ్వకపోతే ఆవిడే సొంత డబ్బుతో కొని పంపిందట. మూడు బ్రిగేడ్లను సిద్ధం చేయడానికి సైన్యానికి దొరికింది రెండు నెలలేనని నివేదికలో చదివినప్పుడు నాకు ఆ బూట్లే గుర్తుకొచ్చాయి. అక్కడ వాళ్లు తిరిగింది స్నాచ్ లాండ్‌రోవర్లలో. ఉత్తర ఐర్లండు వీధుల కోసం చేసిన పలుచని కవచం బళ్లు అవి. రోడ్డు పక్క పాతిపెట్టిన బాంబులకు అవి ఆగవని సైనికులే వాటికి కదిలే శవపేటికలని పేరు పెట్టారు. వాటికి బదులు మంచి వాహనాలు కావాలని అడగవలసిన బాధ్యత రక్షణశాఖలో ఎవరిదో కూడా స్పష్టంగా లేదని చిల్కాట్ రాశారు. ఆ అబ్బాయి ప్రాణాలతో తిరిగి వచ్చాడు, అతని బండిలోని స్నేహితుడు రాలేదు. మా వీధిలో చెత్తబండి వచ్చే రోజు ఇళ్ల ముందు నల్లసంచులు పెడతాం. ఆ పొద్దున అతను అటువైపు నడవడు, రోడ్డు దాటి రెండో వైపు నుంచి పోతాడు. ఇప్పుడతనికి ముప్పై ఆరేళ్లు.

ఆగ్నేయ ఇరాక్‌లో నాలుగు రాష్ట్రాల బాధ్యతను బ్రిటన్ నెత్తిన వేసుకోవడానికి మంత్రివర్గ స్థాయిలో లాంఛనమైన నిర్ణయమే జరగలేదట. చివరికి 2007 నాటికి, తమ మీద దాడులు చేస్తున్న సాయుధ ముఠాతోనే, ఖైదీలను వదిలిపెడతాం, మీరు కాల్పులు ఆపండని ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. ఆ స్థితికి రావడం అవమానకరమని నివేదికే అన్నది.

బస్రా అన్న పేరు వినగానే మీకు ఎవరు గుర్తుకొస్తారో నాకు తెలుసు. నాయనమ్మ బస్రా తాతగారి గురించి చెబుతుంటే చిన్నప్పుడు అదేదో మన రాజమండ్రి అవతల ఊరనుకునేదాన్ని. ఖర్జూరాలు, ఈగలు, బురద, ఈ మూడు తప్ప ఆయన ఇంకేమీ చెప్పేవారు కాదనేది. ఆయన మద్రాసు సాపర్లలో, అంటే సైన్యపు ఇంజనీరింగు దళంలో, ఉండి వంతెనలు కట్టడానికి వెళ్లిన మెసపొటేమియా, ఈ ఇరాక్ ఒకటే. కూత్ పట్టణంలో జనరల్ టౌన్‌షెండ్ సైన్యం, అందులో ఎక్కువమంది మనవాళ్లే, తుర్కులకు లొంగిపోయి ఈ ఏప్రిల్ 29కి సరిగ్గా వందేళ్లు నిండాయి. గాయపడిన సిపాయిలను మందూ కట్టూ లేకుండా పడవల మీద కుక్కి బస్రాకు చేర్చిన తీరు చదివి, డాక్టరునై ఉండి కూడా పుస్తకం మూసేశాను. ఇందులో ఒక సంగతి మీరు గమనించాలి. అప్పటి మెసపొటేమియా కమిషన్ యుద్ధం ఇంకా నడుస్తుండగానే, 1916 ఆగస్టులో మొదలై 1917 జూన్‌కల్లా నివేదిక ఇచ్చింది. భారత వ్యవహారాల మంత్రి ఆస్టెన్ చాంబర్లేన్ వెంటనే రాజీనామా చేశారు. ఈసారి యుద్ధాన్ని వ్యతిరేకించిన మంత్రి రాబిన్ కుక్ పదవి వదులుకున్నారు, ఆ 45 నిమిషాల పత్రాన్ని ప్రశ్నించిన బీబీసీ పెద్దలు 2004లో పదవులు వదులుకున్నారు. యుద్ధం నడిపిన ప్రధాని 2005లో మళ్లీ ఎన్నికల్లో నెగ్గారు. మొన్న బుధవారం ఆయన రెండు గంటలసేపు విలేకరుల ముందు నిలబడి, గొంతు వణుకుతుండగా విచారం తెలిపి, మళ్లీ ఆ రోజే వస్తే ఆ నిర్ణయమే తీసుకుంటానన్నారు.

2003 ఫిబ్రవరి 15న లండన్‌లో లక్షల మంది ఊరేగింపు తీసినప్పుడు హాస్టల్లో నా తోటి డాక్టర్లు ఇద్దరు బస్సు మాట్లాడుకుని వెళ్లారు, నన్నూ రమ్మన్నారు. పరాయి దేశంలో ఊరేగింపుల జోలికి పోవద్దని మీరు చెప్పారు, నేను పోలేదు. నేను వచ్చి ఏడాదైనా కాలేదు, వీసా చేతిలో పట్టుకుని బతుకుతున్న రోజులు, మీరు చెప్పింది ఒక తండ్రి చెప్పవలసిన మాటే. మీ మీద నాకు ఏ నిష్ఠూరమూ లేదు. కానీ ఆ బాంబులకు నా జీతంలోంచి కోసిన పన్ను కూడా పోయింది గదా అని ఈ వారం చాలాసార్లు అనిపించింది.

ఆ ఏడాది జూలై 14న వాజపేయి ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేనిదే ఇరాక్‌కు మన సైన్యాన్ని పంపబోమని అమెరికాకు చెప్పింది. మన పార్లమెంటు ఏప్రిల్‌లోనే ఆ దాడిని నిందించింది. ఆ రోజు ఢిల్లీ సరేనని ఉంటే మన ఊరు మాధవరంలో ఎన్ని గడపల నుంచి పిల్లలు మళ్లీ బస్రా దారి పట్టేవాళ్లో మీరే లెక్క వేసుకోండి. అందుకే మేనల్లుడు సైన్యంలో చేరతానంటే నేను వద్దనడం లేదు, వాడికి నా దీవెనలు. పంపేవాళ్లు ఎందుకు పంపుతున్నారో అడిగే అలవాటు మాత్రం ఇంట్లో అందరికీ ఉండాలి.

మా దగ్గర పనిచేసే ఎముకల డాక్టరొకాయన బాగ్దాద్ మనిషి. గడచిన ఆదివారం తెల్లవారకముందు అక్కడి కరాదా ప్రాంతంలో పండగ బట్టలు కొంటున్న జనం మధ్య పేలుడు జరిగి మూడు వందల మంది దాకా పోయారు. వారి చెల్లెలి ఇల్లు ఆ పక్క వీధిలోనే. ఆవిడ బతికే ఉందని తెలిసేదాకా ఆయన క్యాంటీన్‌లో చల్లారిపోయిన టీ గ్లాసును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. అక్కడి పోలీసులు బాంబులు పట్టడానికి ఏళ్ల తరబడి వాడిన మంత్రదండం లాంటి పరికరాన్ని అమ్మింది ఇంగ్లండు వ్యాపారి. గోల్ఫ్ బంతులు వెతికే ఆటవస్తువు నుంచి పుట్టిన ఆ మోసానికి అతడు 2013లో జైలుకు వెళ్లాడు. దాని ఎగుమతిని బ్రిటన్ ప్రభుత్వం ఆపింది 2010లో మాత్రమే. "మీ నివేదికలో మావాళ్లు ఎంతమంది?" అని ఆయన అడిగితే చూసి చెప్పాను. బ్రిటిష్ సైనికులు 179 మంది, సరిగ్గా లెక్క ఉంది. ఇరాకీలు 2009 నాటికి కనీసం లక్షా యాభై వేలు, బహుశా అంతకన్నా చాలా ఎక్కువ అని మాత్రమే ఉంది. పౌరుల మరణాలు లెక్కించడానికి ప్రభుత్వం మరింత శ్రమపడవలసిందని అదే నివేదిక అన్నది. ఆయన తల ఊపి, గ్లాసు కడిగి పెట్టి వెళ్లిపోయారు.

బస్రాలో బ్రిటిష్‌వారు కట్టిన పాత యుద్ధస్మారకం మీద కూడా వాళ్ల సైనికుల పేర్లు చెక్కి, మన మామూలు సిపాయిలను సంఖ్యలతో సరిపెట్టారు నాన్నగారూ. మన ఊరి యుద్ధస్మారక స్తంభం మీద పేర్లున్నాయో, ఎంతమంది వెళ్లారన్న అంకె మాత్రమే ఉందో నాకు గుర్తు లేదు. ఎండ తగ్గాక మేనల్లుణ్ణి తోడు తీసుకుని వెళ్లి చూసి, ఉన్నది ఉన్నట్టు రాసి పంపండి. బస్రా తాతగారి అసలు పేరు, ఇంటిపేరుతో సహా, అమ్మను అడిగి అదే కాగితం మీద రాయండి. నాకు తెలియదు.

మీ కుమార్తె