కొత్త ఉద్యోగి వచ్చే ముందు

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం చదివి ఎంత సంతోషమేసిందో! మేధో వైకల్యం ఉన్న అబ్బాయిని మీ ఆఫీసులో తీసుకుంటున్నారని, ఆ బాధ్యత నీ మీద పడిందని, టెన్షన్‌గా ఉందని రాశావు. ఏం భయం లేదు రా. కానీ "మేమంతా అతన్ని బాగా చూసుకుంటాం" అన్నావు చూడు, అదొక్కటే నాకు నచ్చలేదు. చూసుకోవడానికి ఇంట్లోవాళ్లున్నారు. ఆఫీసులో అతనికి కావలసింది పని, ఆ పని అర్థమయ్యేలా చెప్పే మనిషి.

మా లైబ్రరీలో తిరిగొచ్చిన పుస్తకాలు సర్దే అమ్మాయి సంగతి చెబుతాను. రంగు లేబుళ్లు చూసి చకచకా సర్దేది. ఒకరోజు పుస్తకం చేత్తో పట్టుకుని షెల్ఫు అర ముందు అలాగే నిలబడిపోయింది. "ఈ పిల్లకి చేతకాదు" అని ఒకాయన తేల్చేశాడు. తీరా చూస్తే ఆ అర నిండిపోయింది! నిండితే ఏం చెయ్యాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు. నిండిన అర ఫొటో, పక్కనే ట్రాలీ ఫొటో అతికించి, కింద "నిండితే ఇందులో పెట్టు" అని రాశాం. మళ్లీ ఎప్పుడూ ఆగలేదు.

అందుకే "కాస్త చూసి చెయ్యి", "ఎక్కువైతే పక్కన పెట్టు" లాంటి మాటలు మానెయ్. కాస్త అంటే ఎంత? పక్కన అంటే ఎక్కడ? పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, చేసి చూపించి, చేయించు. 1970లలో అమెరికాలో మార్క్ గోల్డ్ అనే ఆయన, ఏ పనికీ రారని లోకం వదిలేసినవాళ్లకి ఇలాగే 15 భాగాల సైకిల్ బ్రేకు బిగించడం నేర్పాడు. రాకపోతే నేర్పే తీరు మార్చాలన్నది ఆయన పట్టుదల. నాకు ఆయనంటే చాలా గౌరవం.

కూర్చోబెట్టి ప్రశ్నలడిగే ఇంటర్వ్యూ వద్దు. మాట తడబడినా చెయ్యి తడబడకపోవచ్చు. నాలుగు రోజులు అసలు పనే చేయించి చూడండి, ఆ రోజులకీ జీతం ఇవ్వండి. జీతమంటే గుర్తొచ్చింది, 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం 27వ అధికరణం సమాన విలువ గల పనికి సమాన వేతనం అంటుంది. మీ హెచ్‌ఆర్ వాళ్లు "స్టైపెండ్" అంటే ఒప్పుకోకు.

జాబ్ కోచ్ అంటే ఉద్యోగంలో పక్కనుండి పని నేర్పే మనిషి, మొదట్లో పక్కనే ఉంటాడు, పోనుపోను రావడం తగ్గిస్తాడు. ఆ తర్వాత సందేహం వస్తే ఎవర్ని అడగాలో ముందే ఆ అబ్బాయికి చెప్పాలి. ఆ మనిషి సెలవు పెడితే ఇంకెవరో కూడా.

ఇంకోటి. తప్పు చేస్తే అతనికే నేరుగా చెప్పండి, వాళ్లమ్మకి ఫోన్ చెయ్యకండి. బుజ్జీ, కన్నా అని పిలవద్దు, పెద్దవాడు కదా. టీకి వెళ్లేటప్పుడు మాత్రం మరచిపోకుండా పిలవండి. ఆ టీ దగ్గర కలవకే చాలామంది ఉద్యోగం మానేస్తారు.

అతనికి ఇద్దామనుకున్న పనులన్నీ రాసి పంపు. ఆదివారం ఫోన్‌లో కూర్చుని ఒక్కోటీ ముక్కలు చేద్దాం.

నీ నేస్తం