తలుపుకి వార్నిష్ వేసే ముందు

రియాద్

చిరంజీవి తమ్ముడికి అన్నయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం. మాఘంలో చెల్లి పెళ్ళికి సింహద్వారానికీ ఉయ్యాల బల్లకీ మీరే వార్నిష్ వేసుకుంటామని అమ్మ ఫోన్‌లో చెప్పింది. మంచి పనే. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. పని మొదలెట్టేటప్పుడు ఈ కాగితం పక్కన పెట్టుకో.

ఇక్కడ మా వర్క్‌షాప్‌లో గాలి పొడిగా ఉంటుంది, పూసింది పూసినట్టే ఆరిపోతుంది. మన లంక ఊళ్ళో అలా కుదరదు. చుట్టూ కాలవలు, కొబ్బరితోట. పుష్యమాసంలో పొద్దున్న ఎనిమిదైనా ఆకుల మీంచి మంచు కారుతూనే ఉంటుంది. ఆ చెమ్మ తడి వార్నిష్ మీద పడితే మెరుపు పోయి పాలిపోతుంది. అందుకని ఎండెక్కాక, పదింటికి మొదలెట్టి ఒంటిగంటకల్లా చాలించు. సాయంత్రం మంచు దిగేలోపు తలుపు లోపలికి చేర్చేయండి. ఎండలో మాత్రం పెట్టొద్దు, బుడగలొస్తాయి. అరుగు మీద నీడలో రెండు స్టూళ్ళ మీద పడుకోబెడితే కారకుండా ఉంటుంది.

అసలు పనంతా పూతకు ముందే ఉంది. 2022 జూలై వరదకి ఆ తలుపు కింది భాగం రోజుల తరబడి నీళ్ళలో నానింది కదా, అక్కడ గోటితో నొక్కి చూడు. మెత్తగా దిగితే ముందు వడ్రంగిని పిలిచి ఆ ముక్క మార్పించు. కొట్టి చూస్తే డొల్లగా మోగినా అంతే, లోపల చెదలుంటాయి. వార్నిష్ చెదల మందు కాదు. పైగా తలుపు అడుగు అంచుకి ఎవరూ పూత వెయ్యరు, కనిపించదుగా అని. చెక్క ఎక్కువ నీళ్ళు తాగేది అక్కడే. తలుపు ఎలాగూ దించుతారు కాబట్టి పై అంచుకీ కింది అంచుకీ కూడా తప్పకుండా వెయ్యి.

ద్వారబంధానికి ఏళ్ళ తరబడి పసుపు, నూనె చేతులు, హారతి మసి పట్టి ఉంటాయి. వాటి మీద ఏ వార్నిష్ నిలవదు, పొరలా లేచొస్తుంది. సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి, బాగా ఆరాక టర్పెంటైన్‌తో మళ్ళీ తుడువు. తర్వాత ఉప్పుకాగితం: 120 నంబరుతో పాత పూత తీసెయ్యి, తర్వాత 180, ఆఖర్న 220. ఎప్పుడూ చెక్క చారల వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గీతలు అప్పుడు కనపడవు, వార్నిష్ పడ్డాక ఒక్కొక్కటీ పైకి తేలతాయి. సెల్‌ఫోన్ లైటు పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడు, పాత పాలిష్ మిగిలిన చోట తళుక్కుమంటుంది. మనది టేకు, దానిలోనే నూనె ఉంటుంది కాబట్టి పూతకి కాస్త ముందు థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడిచెయ్యి.

డబ్బా ఊపకు, పుల్లతో మెల్లగా కలుపు. ఊపితే నురగొచ్చి ఆ బుడగలన్నీ తలుపు మీదే ఆరతాయి. కొంచెం గిన్నెలోకి వంపుకుని వాడుకో. నూనె వార్నిష్ అయితే మొదటి పూతకి పది పాళ్ళకి ఒక పాలు టర్పెంటైన్ కలిపితే చెక్కలోకి దిగుతుంది. పీయూ, అంటే పాలీయురేథేన్ వార్నిష్ తెస్తే దానికి దాని థిన్నరే, టర్పెంటైన్ పొయ్యకు. ఒక్క రోజులో మూడు పూతలు లాగించేస్తానన్న మేస్త్రి మాట వినకు. పూతకీ పూతకీ మధ్య ఒక రోజు వదిలి, 320 కాగితంతో తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి మళ్ళీ వెయ్యి. పల్చగా మూడు చాలు. రెండు లీటర్లకి మించి పట్టదు, అయిదు లీటర్ల డబ్బా అంటగడతారు, జాగ్రత్త. ఆ పూట వాకిలి చిమ్మొద్దని అమ్మకి చెప్పు. దుమ్మంతా వచ్చి దానిమీదే కూర్చుంటుంది.

ఇది మాత్రం రెండుసార్లు చదువు. వార్నిష్, అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. మనింట్లో పెరటి నిండా కొబ్బరి పీచు. గుడ్డల్ని నీళ్ళ బకెట్లో ముంచి ఉంచు, లేదా బయట తీగ మీద విడివిడిగా ఆరెయ్యి. ఆ దగ్గర్లో దీపం, బీడీ ఉండకూడదు. నాన్న బీడీ సంగతి నువ్వే చూసుకోవాలి. తలుపులు, కిటికీలు తెరిచే ఉంచండి, నానమ్మని ఆ రెండు మూడు రోజులూ పెదనాన్న ఇంట్లో ఉండమను.

ముట్టుకుంటే అంటుకోనంత మాత్రాన గట్టిపడినట్టు కాదు. వారం దాకా తోరణాలు కట్టొద్దు, పసుపు బొట్లు పెట్టొద్దు. అంటే పెళ్ళికి కనీసం పదిహేను రోజుల ముందే ఆఖరి పూత పడిపోవాలి. గడపకి వార్నిష్ ఊసే ఎత్తకండి, అమ్మ ఎలాగూ శుక్రవారం శుక్రవారం పసుపు రాస్తుంది.

డబ్బులు ఈ నెల జీతం రాగానే పంపుతాను. బ్రష్ దగ్గర మాత్రం పిసినారితనం చెయ్యకు, వెంట్రుకలు రాలే బ్రష్ తెస్తే ఆ వెంట్రుకలు ఏరుకుంటూ కూర్చోవాలి. మొదటి పూత ఆరాక ఫొటో పెట్టు, చూసి చెబుతాను.

మీ అన్నయ్య