ఖండిస్తూ పంపినా అది ప్రచారమే

సంపాదకులు గారికి నమస్కారాలు.

2024 అక్టోబరులో మన తిరుపతి హోటళ్లకు బాంబు బెదిరింపు ఈమెయిళ్లు వరుసగా వచ్చాయి. పోలీసులు తనిఖీ చేసి అవి ఉత్తుత్తి బెదిరింపులేనని తేల్చారు. ఈలోగా ఆ కబురు వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టివచ్చి, కొండకు వచ్చిన భక్తుల ఇళ్లలో గుబులు పుట్టించింది. చిత్తూరు కోర్టు ఆవరణలో 2016 ఏప్రిల్‌లో నిజంగానే పేలుడు జరిగింది కనుక ఇక్కడివారు ఇటువంటి మాటను తేలిగ్గా తీసుకోలేరు. అయినా భయాన్ని ఇంటింటికీ చేర్చే పనిని ఉగ్రవాదికి మనమే చేసిపెడుతున్నామేమో ఆలోచించవలసి ఉంది.

2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదులపై దాడిచేసి 51 మందిని పొట్టనబెట్టుకున్న హంతకుడు, ఆ ఘోరాన్ని దాదాపు 17 నిమిషాలు ఫేస్‌బుక్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశాడు. ప్రసారం సాగుతుండగా చూసినవారు 200 మంది కూడా లేరని ఆ సంస్థే చెప్పింది. తొలి 24 గంటల్లో మాత్రం 15 లక్షల కాపీలను తొలగించవలసి వచ్చింది. వాటిలో 12 లక్షలకు పైగా ఎక్కించే దశలోనే ఆపగలిగారు. పంచినవారిలో హంతకుణ్ణి మెచ్చినవారితో పాటు, కడుపు మండి పంచినవారు కూడా ఉండే ఉంటారు. వాడికి కావలసింది చూపరులే గనుక ఆ తేడాతో వాడికి పనిలేదు. అందుకే అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ వాడి పేరు తన నోట పలకనని పార్లమెంటులో ప్రకటించారు.

ఇంతకన్నా పసిగట్టడం కష్టమైనది కుర్రవాళ్లను హింసావాదం వైపు లాగే తొలి దశ. హింసావాదం తుపాకీతో పరిచయం చేసుకోదు. మనవాళ్లకు అన్యాయం జరిగిందంటూ ఒక చిన్న వీడియో వస్తుంది, అందులో కొంత నిజమూ ఉంటుంది. ఎక్కడిదో, ఎప్పటిదో అయిన దృశ్యాన్ని నిన్న పక్క వీధిలో జరిగినట్టు చూపుతారు. ఆవేశంగా స్పందించిన కుర్రవాణ్ణి విడిగా పలకరించి, బయటివారికి కనిపించని గ్రూపులోకి రప్పిస్తారు. అక్కడ ఎదుటివారు మనుషులు కారన్న మాట రోజూ వినిపిస్తుంది. క్రైస్ట్‌చర్చ్ హంతకుడు శ్వేతజాతి ఆధిపత్యవాది, ఐసిస్ ఉగ్రవాద సంస్థ చెప్పుకొన్నది మతం పేరు; పద్ధతి మాత్రం ఒకటే. కాబట్టి దీన్ని ఏదో ఒక వర్గానికి అంటగట్టేవారు అసలు లక్షణాలను గుర్తించలేరు.

యంత్రాలు చూసుకుంటాయనుకోవడం పొరపాటు. ఫేస్‌బుక్, మైక్రోసాఫ్ట్, ట్విట్టర్, యూట్యూబ్ 2017లో ఒక వేదికగా ఏర్పడి, ఇటువంటి వీడియోల డిజిటల్ గుర్తులను (అదే వీడియో మళ్లీ వస్తే యంత్రం పోల్చుకునే సంకేతాలను) పంచుకుంటున్నాయి. అయినా క్రైస్ట్‌చర్చ్ వీడియోను కత్తిరించి, రంగు మార్చి, తెరపై నుంచి మళ్లీ చిత్రించి 800కు పైగా రూపాల్లో వదిలారు. ఇక వాట్సాప్ సందేశాలను ఆ సంస్థ సైతం చదవజాలదు. అక్కడ ఆపగలిగినది అందుకున్న మనిషే. ఎవరినైనా చంపుతామన్న మాట కనిపిస్తే దాన్ని పదిమందికీ పంపకుండా అత్యవసర సహాయ నంబరు 112కు గానీ, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌కు గానీ తెలియజేయాలి.

దూర ప్రాంతాల పిల్లలు వచ్చి చదువుకునే తిరుపతిలో, కళాశాలలు ర్యాగింగ్ మీద ఏటా నిర్వహించే అవగాహన సదస్సుల్లోనే దీనికీ ఒక గంట కేటాయించాలని కోరుతున్నాను. దాడులు జరిగినప్పుడు హంతకుల వీడియో దృశ్యాలను, వారి ప్రకటనల పాఠాన్ని ప్రచురించకుండా, మృతుల గురించి రాయవలసిందిగా మీ పత్రికకూ నా విన్నపం.

– ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, తిరుపతి